చాట దించి ఒక్క నిమిషం

(సెప్టెంబర్ 8, ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం నాడు జగిత్యాల జిల్లాలోని ఒక ఊళ్లో, బీడీలు చుట్టే మహిళల ఎదుట ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. చివర్లో వచ్చిన ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అక్కలకు, పెద్దమ్మలకు, చెల్లెళ్లకు, వెనక గోడ పక్కన నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం.

మీలో చాలామంది చాట పక్కన పెట్టి వచ్చారు. ఇక్కడ గంటసేపు కూర్చుంటే రేపు కార్ఖానాలో వంద బీడీలు తక్కువ పడతాయని నాకు తెలుసు. ఆ గంట విలువ తెలిసే మాట్లాడతాను. కింద కూర్చుంటే నడుము పట్టేస్తుందా, కుర్చీ లాక్కోండి. కుర్చీలో కూడా కుదరకపోతే లేచి గోడకు ఆనుకోండి. మధ్యలో అటూ ఇటూ తిరిగినా నాకేమీ అడ్డం కాదు. అసలు అలా తిరగమని చెప్పడానికే వచ్చాను.

మా అమ్మ బీడీలు చుట్టే నన్ను చదివించింది. రాత్రి తడిపిన తునికాకును తెల్లారి గుడ్డలోంచి తీసి, కత్తెర పట్టుకుని గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చునేది. నేనూ బడికి పోయేముందు ఆకు కత్తిరించేదాన్ని. ఆమె మెడ ఎప్పుడూ ఒళ్లోని చాట మీదికే వంగి ఉండేది. మాట్లాడినా తల ఎత్తేది కాదు. మా అమ్మ ముఖం కన్నా ఆమె పాపిట నాకు ఎక్కువ గుర్తు.

ఫిజియోథెరపీ చదివేటప్పుడు మొదటి ఏడాదిలోనే మాకు నిలబడే పద్ధతి గురించి పాఠం చెప్పారు. మేస్త్రీ గోడకు తూకం దారం వేలాడదీసినట్టు మనిషి పక్కన ఒక దారం వేలాడదీస్తే, అది చెవి మీదుగా, భుజం మీదుగా, తుంటి మీదుగా, చీలమండ కొంచెం ముందుగా దిగాలి. అలా ఉంటేనే సరైన నిలువు అని రాసుకున్నాను. దసరా సెలవులకు ఇంటికొచ్చి మా అమ్మను పట్టుకున్నాను. "నిటారుగా కూర్చో అమ్మా, అందుకే నీకు నొప్పులు" అన్నాను. పాపం, బిడ్డ చదువుకొచ్చింది కదా అని సర్దుకుని నిటారుగా కూర్చుంది. పది నిమిషాలైంది. "సక్కగ కూసుంటే ఒళ్లున్న బీడీ కనవడ్తలేదు బిడ్డా" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగంలో చేరాక కూడా చాలా ఏళ్లు నా దగ్గరికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ "నిటారుగా కూర్చోవాలమ్మా" అని చెప్పి పంపాను. తప్పు చేశాను. పని ఒళ్లో ఉంటే మెడ ఒళ్లోకే వంగుతుంది. వెయ్యికి ఇంత అని కూలి కట్టే పనిలో, వేళ్లు ఆగితే డబ్బు ఆగుతుంది. అలాంటి మనిషితో "నువ్వు సరిగ్గా కూర్చోవడం లేదు" అనడమంటే నొప్పితో పాటు నిందను కూడా ఆమె మీదే వేయడం.

వెన్ను గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే తెలిస్తే భయం తగ్గుతుంది. మన వెన్నులో మొత్తం 33 ఎముకలు. మెడలో 7, రొమ్ము వెనక 12, నడుములో 5. కింద ఉన్నవి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు వెన్ను మొత్తం కొడవలిలా ఒకే వంపు. బిడ్డ మెడ నిలిపినప్పుడు మెడ దగ్గర, కూర్చుని నడక నేర్చినప్పుడు నడుము దగ్గర ఎదురు వంపులు వస్తాయి. కాబట్టి వెన్ను కర్రలా ఉండాలన్నది మొదటి నుంచీ తప్పే. వంపులుంటేనే అది వెన్ను.

ఎముకకూ ఎముకకూ మధ్య డిస్కులుంటాయి. పెద్దవాళ్లలో వీటికి సొంతంగా రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషకాలే వాటికి తిండి. బరువు పడితే నీరు బయటికి పోతుంది, పడుకుంటే మళ్లీ పీల్చుకుంటాయి. అందుకే పొద్దున లేచినప్పుడు మనం రాత్రికంటే ఒక సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకొంచెం పొడవుగా ఉంటాం. నొక్కుతూ వదులుతూ ఉంటే డిస్కుకు మంచిదే. ఒకే తీరుగా గంటల తరబడి నొక్కి ఉంచడం దగ్గరే చిక్కు.

ఇక తల. దాని బరువు దాదాపు 5 కిలోలు. నీళ్ల బిందెను నడుము మీద పెట్టుకుంటే మోయగలం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే నాలుగు అడుగులు కూడా వేయలేం. బిందె అదే, దూరం పెరిగింది. తల ముందుకు వంగినప్పుడు మెడ వెనక కండలు చేసే పని అదే. 2014లో న్యూయార్క్‌లోని ఒక సర్జన్ కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టి, మెడ 60 డిగ్రీలు వంగితే దాదాపు 27 కిలోల బరువు పడుతుందన్నాడు. సెల్‌ఫోన్ల గురించి రాసే ప్రతి వార్తలోనూ ఆ అంకె కనిపిస్తుంది. అది మనుషుల మెడలో కొలిచి చెప్పింది కాదు, లెక్కలో వచ్చింది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి. కండలు అలసిపోతాయన్నది నిజం. ఎముకలు విరిగిపోతాయని బెంబేలు పడనక్కర్లేదు.

మన దగ్గర ఇంకో భయం ఉంది. ఎమ్మారై తీస్తారు, "డిస్కు అరిగింది" అంటారు. ఆ రోజు నుంచి ఆ మనిషి బిందె ఎత్తదు, మెట్లెక్కదు, వంగదు. 2015లో, వెన్నునొప్పి అస్సలు లేని మనుషుల స్కానింగులు చూసిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి లెక్క తీశారు. ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందిలో డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం. జుట్టు నెరిసినట్టే ఇదీ. రిపోర్టులో ఆ మాట ఉందని మంచం ఎక్కకండి. నడుము నొప్పికి రోజుల తరబడి మంచం పట్టి ఉండటం మేలు చేయదని ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న మాట.

మరి వ్యాయామం ఏం చేస్తుంది? ఎముకను సాగదీసి చక్కగా చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది చేసే పని వేరు. రొమ్ము వెనక వెన్నులో బిగుసుకున్న కీళ్లు కదులుతాయి. భుజాల రెక్కల మధ్య కండలకు, నడుము చుట్టూ ఉన్న కండలకు, పిరుదులకు, తొడలకు ఓపిక పెరుగుతుంది. ఒక గంటకు అలిసే కండ రెండు గంటలు ఆగుతుంది. ఇంకొకటి, నొప్పి వస్తుందేమోనని దాచుకున్న కదలికను మళ్లీ చేయగలమన్న ధైర్యం వస్తుంది. నా దృష్టిలో ఇదే పెద్ద లాభం.

ఇంగ్లండులో చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 579 మందితో చేసిన పరీక్ష ఒకటి 2008లో అచ్చయింది. అందులో చూసింది అలెగ్జాండర్ పద్ధతి అనేదాన్ని. టాస్మేనియాలో పుట్టిన అలెగ్జాండర్ అనే నటుడికి స్టేజీ మీద గొంతు పోయేది. డాక్టర్ల వల్ల కాలేదు. అద్దాలు పెట్టుకుని తనను తానే చూసుకుంటే, మాట్లాడబోయే ముందు తలను వెనక్కి గుంజుతున్నానని తెలిసింది. ఆ అలవాటు మానుకోవడానికి పడ్డ తిప్పలే తర్వాత ఒక పద్ధతి అయ్యాయి. ఆ పద్ధతిలో 24 పాఠాలు నేర్చుకున్న వాళ్లకు ఏడాది తర్వాత నెలలో నొప్పి ఉన్న రోజులు 3. మామూలు వైద్యమే తీసుకున్న వాళ్లకు 21. పక్కన గురువును పెట్టుకుని 24 పాఠాలు నేర్చుకునే స్తోమత మనకుందా అని మీరడుగుతారు, న్యాయమే. అదే పరీక్షలో 6 పాఠాలతో పాటు వ్యాయామం, ముఖ్యంగా నడక చేసిన వాళ్లకు కూడా దానికి దగ్గరగానే మేలు జరిగింది.

మన దేశంలో ఈ విషయం బాగా పట్టించుకున్నవాడు యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టాడు. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ చూసిన బక్క పిల్లాడు. బక్కవాడు కాబట్టే కావచ్చు, వంగలేని వాళ్ల బాధ ఆయనకు అర్థమైంది. ఇటుక, తాడు, కుర్చీ, దుప్పటి పెట్టుకుని ఆసనం వేయొచ్చని చూపించాడు. పతంజలి చెప్పింది "స్థిరసుఖమాసనం" అని మూడే ముక్కలు. స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. పళ్లు బిగబట్టి నిటారుగా కూర్చుంటే స్థిరం ఉంటుందేమో, సుఖం ఎక్కడిది?

ఇప్పుడు మనసు సంగతి.

మన భాష వినండి. బాగా బతికితే "తలెత్తుకు తిరుగుతున్నాడు" అంటాం. పరువు పోతే "తలవంపులు" అంటాం. చేతికొచ్చిన కొడుకు పోతే "నడుం విరిగింది" అంటాం. డిప్రెషన్‌కు తెలుగులో మాట ఏమిటి? కుంగుబాటు. గోడ కుంగినట్టు, నేల కుంగినట్టు. మనసు రోగానికి మన వాళ్లు ఒంటి మాటే పెట్టారు. ఊరికే పెట్టలేదు. జర్మనీలో పరిశోధకులు డిప్రెషన్ ఉన్న వాళ్ల నడకను కెమెరాలతో కొలిచి చూశారు. నడక నెమ్మది, చేతుల ఊపు తక్కువ, తల పైకీ కిందికీ ఊగడం తక్కువ, పై ఒళ్లు ముందుకు వాలి ఉంది. కుంగుబాటును నడకలోనే చూడొచ్చు.

అయితే తిరగేసి అడుగుదాం. ఒంటిని నిలబెడితే మనసు నిలబడుతుందా? ఇక్కడే జాగ్రత్తగా వినాలి. 2010లో అమెరికాలో 42 మందితో ఒక ప్రయోగం చేశారు. బల్ల మీద కాళ్లు చాపి వెనక్కి వాలి దర్జాగా కూర్చోవడం లాంటి భంగిమల్లో రెండు నిమిషాలుంటే ఒంట్లో హార్మోన్లే మారిపోతాయన్నారు. దాని మీద 2012లో ఇచ్చిన ఉపన్యాసాన్ని కోట్లమంది చూశారు. 2015లో వేరే వాళ్లు 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లు మారలేదు. కొంచెం ధైర్యంగా అనిపించిందని మాత్రం ఆ మనుషులు చెప్పారు. మొదటి ప్రయోగం చేసిన వాళ్లలో ఒకరైన డేనా కార్నీ 2016లో, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాసింది. అంత పేరొచ్చాక ఆ మాట రాయడానికి ఎంత గుండె కావాలి! నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

న్యూజిలాండ్ వాళ్లది ఇంకా నెమ్మదైన పని. ఆక్లాండ్‌లో 74 మందికి వీపు మీద మేం వాడే టేపు అంటించి, కొందరిని నిటారుగా, కొందరిని వంగి కూర్చోబెట్టారు. తర్వాత కంగారు పుట్టించే పని ఒకటి ఇచ్చారు, ప్రసంగం చేయమని. నిటారుగా కూర్చున్న వాళ్లకు భయం తక్కువైంది, తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా ఉంది. వంగి కూర్చున్న వాళ్ల మాటల్లో చేదు ఎక్కువ, "నేను, నాకు" ఎక్కువ. 2017లో డిప్రెషన్ లక్షణాలున్న 61 మందితో చేసినప్పుడు, నిటారుగా ఉన్న వాళ్లకు అలసట తగ్గింది. ఇవన్నీ ఒక పూట చూసిన ఫలితాలు. ఆ పూట దాటి ఎంత నిలుస్తాయో ఈ ప్రయోగాలు చెప్పవు. నేను దీన్ని మందు అనను. కానీ మనసు బాగా లేని పూట లేచి, గుండె విప్పి నాలుగు ఊపిర్లు తీసుకోవడానికి ఖర్చేమీ లేదు. వంగి కూర్చుంటే పొట్ట నొక్కుకుని ఊపిరి పైపైనే ఆడుతుంది. లేస్తే లోపలికి దిగుతుంది. ఇది మీరే ఇప్పుడు చేసి చూడొచ్చు.

గట్టి ఆధారం ఉన్నది భంగిమకు కాదు, వ్యాయామానికి. వారం మొత్తంలో 150 నిమిషాలైనా ఒళ్లు కదిలించాలని, రెండు రోజులైనా కండలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కదిలే వాళ్లలో కుంగుబాటు లక్షణాలు తగ్గుతాయని చాలా పరీక్షల్లో తేలింది.

పెద్దవాళ్ల విషయంలో ఒళ్లూ మనసూ ఎలా ముడిపడతాయో ఒక పెద్దమ్మ నాకు నేర్పింది. డెబ్బై దాటిన మనిషి. ఒకసారి వాకిట్లో జారి పడింది. ఎముకేం విరగలేదు, కానీ భయం పట్టుకుంది. బావి దాకా పోదు, గుడికి పోదు, ఆఖరికి బతుకమ్మ ఆడటానికి కూడా దిగలేదు. అరుగు మీద కూర్చుని చూసింది. "నేనిగ ఒడిసిపోయిన" అనేది. ఆమెకు నేను చెప్పినవి రెండే: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. కోడలు పక్కన ఉండి రోజూ చేయించింది. 2019లో వంద పైచిలుకు పరీక్షలను కలిపి చూసినప్పుడు, వ్యాయామం చేసే పెద్దవాళ్లలో పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. ఆ అంకె నాకు తెలుసు. కానీ మరుసటి ఏడు సద్దుల బతుకమ్మ నాడు ఆ పెద్దమ్మ వరసలో వంగి, లేచి, చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నాకు ఏ అంకే గుర్తు రాలేదు. చూడండి, బతుకమ్మలో అన్నీ ఉన్నాయి: వంగడం, లేవడం, పక్కకు అడుగు, చేతులు, పాట కోసం ఊపిరి, పక్కన మనిషి.

సరే, ఇప్పుడు లేవండి. చేయి చేయి తగలకుండా దూరంగా.

వీపు గోడకు ఆనించండి. మడమలు గోడకు జానెడు ముందు. రెండు చేతులు పక్కలకు, మోచేతులు వంచి, గోడ మీద రాసుకుంటూ పైకి, కిందికి. ఎంత దాకా పోతే అంతే. ఎనిమిది సార్లు. ఎవరికైనా భుజం పొడిస్తే సగంలో ఆపండి.

ఇప్పుడు తల. పైకి కిందికి కాదు. ఎవరో గడ్డం మీద వేలు పెట్టి వెనక్కి నెట్టినట్టు గడ్డం వెనక్కి తీయండి. రెండు గడ్డాలు కనబడితే సరిగ్గా చేస్తున్నట్టు. ఐదు లెక్కపెట్టి వదలండి.

చేతులు నడుము వెనక పెట్టుకుని మెల్లగా వెనక్కి వాలండి. పొద్దంతా ముందుకే వంగిన నడుముకు ఇది ఎదురు వంపు. కళ్లు తిరిగే వాళ్లు గోడ వదలొద్దు. ఎముకలు పల్చబడ్డాయని డాక్టరు చెప్పిన పెద్దమ్మలు కిందికి వంగి కాళ్లు ముట్టుకునే వ్యాయామాలు చేయొద్దు, కుర్చీలోంచి లేవడం చాలు.

కొన్ని గుర్తులు చెబుతాను, ఇవి ఉంటే వ్యాయామం పక్కన పెట్టి ఆస్పత్రికి పోవాలి. కాలు మొద్దుబారి బలం తగ్గడం, మూత్రం తెలియకుండా పోవడం లేదా ఆగిపోవడం, జ్వరంతో నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, కింద పడ్డాక మొదలైన నొప్పి. అలాగే రెండు వారాలుగా ఏదీ చేయాలనిపించక, నిద్ర లేక, బతకాలని లేదనిపిస్తుంటే భుజాలు వెనక్కి లాగితే పోయేది కాదు అది. 14416కి ఫోన్ చేయండి, అది టెలిమానస్, మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ. డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

కూర్చోండి. అడగండి.

ప్రశ్న: మేడం, వీపుకు కట్టుకునే బెల్టులు అమ్ముతున్నరు. మా పిల్ల ఫోన్‌ల చూసి తెప్పియ్యమంటుంది. కొనాల్నా?

కట్టుకున్నంతసేపు భుజాలు వెనక్కి ఉంటాయి, విప్పగానే మళ్లీ మామూలే. బెల్టు పని చేస్తుంటే కండకు పని ఉండదు. ఆ డబ్బులు పెట్టి పాపకు మంచి వెలుతురున్న చోట చదువుకునే బల్ల చూడండి. పుస్తకం కొంచెం ఎత్తులో ఉంటే మెడ దానంతటదే లేస్తుంది. అదే మాట మీకూ. చాట కింద ఒక దిండు పెట్టుకుంటే బీడీ నాలుగు వేళ్లు పైకి వస్తుంది. గోడకు ఆనుకుని, కాళ్లు ఒకసారి చాపి, ఒకసారి మడిచి మార్చుకోండి. మా అమ్మకు నేను ఇది చెప్పాల్సింది.

ప్రశ్న: మీరు చెప్పింది మంచిగున్నది గని, నడుమ నడుమ లేస్తే వేళ్ల వాటం పోతది. లెక్క ఎట్ల పూర్తయితది?

నిజం అక్కా. లెక్క వేద్దాం. వంద బీడీలు అయినప్పుడల్లా చాట దించి ఒక్క నిమిషం లేచారనుకోండి. వెయ్యి బీడీలకు పది సార్లు, పది నిమిషాలు. మీ చేతి వేగంలో పది నిమిషాలంటే పదిహేను, ఇరవై బీడీలు. ఆ కూలి పోతుంది, పోదని నేను చెప్పను. మధ్యాహ్నం తర్వాత మెడ గుంజి వేళ్లు నెమ్మదించే వాళ్లకు అది కొంత తిరిగి రావచ్చు, అందరికీ వస్తుందని మాట ఇవ్వలేను. అందుకే ఇది మీ ఒక్కరి మీద వేసే బరువు కాకూడదంటాను. లెక్క తగ్గకుండా విరామం దొరకాలంటే కూలి రేటు గురించి మాట్లాడాలి, అది మీ సంఘం పని, నాలాంటి వాళ్లం పక్కన నిలబడి నొప్పి గురించి కాగితం మీద రాసి ఇస్తాం. అప్పటిదాకా వందకు కాకపోతే రెండు వందలకు లేవండి. ఐదు సార్లే.

ప్రశ్న: ఒక్కదాన్నే చేయాలంటే యాదికుండదు మేడం.

నలుగురు ఒకే వాకిట్లో చుడతారు కదా. ఒకరు లేస్తే అందరూ లేవండి. నేను వచ్చే శనివారం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే టైము అయిపోయాక, సాయంత్రం ఐదింటికి ఇక్కడే ఉంటాను. గోడ ఉంటే చాలు. చాపలు తేవొద్దు, పెద్దమ్మలు మాత్రం గట్టి కుర్చీ ఒకటి తెచ్చుకోండి, ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది.